వైద్యం మానేస్తేనే విశ్వాసమా? (పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఉద్దానం నుంచీ, తీరం వెంబడి ఊళ్ల నుంచీ వచ్చాయి. జబ్బు, అప్పు, చావు, వలస. వీటి మధ్య విశ్వాసం జారిపోకుండా పట్టుకోవడం ఎలాగని అందరూ అడిగారు. పేర్లు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యలేదు. కొన్ని ఉత్తరాలను కుదించాం.

ప్రశ్న: మాది కవిటి మండలం. 2018 తిత్లీ తుపానుకి మా కొబ్బరిచెట్లు, జీడితోట పడిపోయాయి. ఆ అప్పు ఇంకా తీరలేదు. ఇంతలో మా ఆయనకి కిడ్నీలు రెండూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. ప్రార్థన చెయ్యడానికి వచ్చినవాళ్లు కొందరు "మిషను మీద ఆధారపడితే దేవుడి మీద ఆధారపడనట్టే, 21 రోజులు ఉపవాసం ఉండి మానేయండి" అంటున్నారు. ఆయనా విసిగిపోయి మానేద్దామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మానొద్దమ్మా. ఒక్క విడత కూడా మానొద్దు. ముందు ఈ మాట ఆయనకి చెప్పి, తర్వాత మిగతాది చదవండి.

కిడ్నీ పని చెయ్యనప్పుడు ఒంట్లో నీరూ పొటాషియమూ పేరుకుంటాయి. నీరు ఊపిరితిత్తుల్లోకి చేరితే ఆయాసం వచ్చి వెల్లకిలా పడుకోలేరు. పొటాషియం పెరిగితే అదీ ఉండదు, ఏ సూచనా లేకుండా గుండె ఆగిపోవచ్చు. రెండు మూడు విడతలు మానినా ప్రాణం మీదికి రావచ్చు.

బైబిల్లో ప్రార్థనకీ మందుకీ పోట్లాట లేదు. హిజ్కియా మరణకరమైన రోగంతో పడుకుని, గోడ వైపు తిరిగి ఏడ్చి ప్రార్థన చేశాడు. దేవుడు 15 సంవత్సరాల ఆయుష్షు పెంచుతానన్నాడు. అదే అధ్యాయంలో, ఆ వాగ్దానం వెంటనే, యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు (2 రాజులు 20:7). వాగ్దానం తెచ్చిన ప్రవక్తే మందు కూడా చెప్పాడు. కడుపు బాగోని తిమోతికి పౌలు ఏం పుచ్చుకోవాలో రాశాడే గాని విశ్వాసం చాలదని మందలించలేదు. ఆ పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడు. రోగులకు వైద్యుడు అక్కరలేదని యేసు ఎక్కడా అనలేదు, అక్కరే అన్నాడు (మత్తయి 9:12).

ఉపవాసం సంగతి. డయాలసిస్ మీద ఉన్నవాళ్లు, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు డాక్టర్ని అడక్కుండా ఉపవాసం ఉండకూడదు. ఆయన బదులు మీరో, సంఘంలో ఇంకొకరో ఉండండి, అది వాక్యానికి విరుద్ధం కాదు. ఉపవాసం విడిచేటప్పుడు పళ్లరసమో కొబ్బరినీళ్లో తాగడం మనకి అలవాటు. ఆయన విషయంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. కొబ్బరినీళ్లలో, అరటిపండులో, బత్తాయిలో పొటాషియం ఎక్కువ. రోగిని చూడడానికి ఉత్త చేతులతో వెళ్లకూడదని మన వైపు బొండాలే పట్టుకెళ్తాం. ప్రేమతో తెచ్చిన ఆ బొండమే ఆయనకి చెరుపు చేస్తుంది. వచ్చినవాళ్లకి నొప్పి కలగకుండా ముందే చెప్పించండి. పచ్చళ్లు, ఎండుచేపలు కూడా దూరంగా ఉంచాలి. ఉప్పు దాహం పెంచుతుంది, దాహం నీళ్లు తాగిస్తుంది.

ప్రార్థన చేసేవాళ్లు తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. చేతులుంచి ప్రార్థించేటప్పుడు ఫిస్టులా (డయాలసిస్ సూదుల కోసం ఆపరేషను చేసి కలిపిన రక్తనాళం) వేసిన చెయ్యి పట్టుకోవద్దు, నొక్కొద్దు, ఆ చేతిని గుంజి పైకెత్తొద్దు. ఆ రక్తనాళం మూసుకుపోతే మళ్లీ ఆపరేషనే. నూనె రాసేటట్టయితే నుదుటి మీద రాయండి, సూదులు గుచ్చే చోట రాయకండి.

డయాలసిస్ బెడ్ మీద గడిచే నాలుగు గంటలూ ఆయన జీవితంలోంచి ఎవరో కాజేసినట్టు అనిపిస్తుంది. అందుకే మానేద్దామన్న విసుగు. ఆ సమయాన్ని కొంతైనా వెనక్కి తెచ్చుకునే దారి ఉంది. మొదటి గంటలో మనిషి కాస్త తేరుకుని ఉంటాడు, పోనుపోను బి.పి. తగ్గి నీరసం వస్తుంది. అందుకని మొదటి గంటలోనే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒక కీర్తన వినమనండి. ఒక్కటే చాలు. వారానికి మూడు విడతలు, కీర్తనలు 150, అంటే 50 వారాలు. ఏ రోజు ఏ కీర్తన విన్నారో ఆసుపత్రి పుస్తకం వెనక అట్ట మీద మీరు రాసిపెట్టండి. మిగతా మూడు గంటలూ నిద్రపోనివ్వండి.

వారాంతంలో డయాలసిస్‌కీ డయాలసిస్‌కీ మధ్య ఎడం ఎక్కువ. ఒంట్లో నీరు అప్పుడే ఎక్కువ చేరుతుంది, సంఘంలో ప్రేమవిందులూ అప్పుడే. ప్రభురాత్రి భోజనంలో చిన్న గుక్క వల్ల ఏమీ కాదు. సాంబారు, మజ్జిగ మాత్రం కొలత దాటకూడదు.

రానుపోను ఖర్చే భారమైతే, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి మొదలైంది, మీకు అది దగ్గర. డయాలసిస్ రోగుల పింఛను గురించి గ్రామ సచివాలయంలో అడగండి. మానెయ్యమన్నవాళ్ల మీద కోపం పెట్టుకోకండి. కానీ వాళ్లలో ఒకరిని ఈసారి ఆసుపత్రికి తోడు తీసుకెళ్లి డాక్టరుతో మాట్లాడించండి.

ప్రశ్న: "సహింపగలిగినంతకంటె ఎక్కువగా దేవుడు శోధింపబడనియ్యడు" అని ఎవరింట్లో కష్టమొచ్చినా చెబుతారు. నాకు సహించగలిగినంతకంటె ఎక్కువే వచ్చింది. అంటే వాక్యం అబద్ధమా, నా విశ్వాసం అబద్ధమా? (ఒక సహోదరుడు, బొబ్బిలి)

జవాబు: రెండూ కావు. ఆ వచనాన్ని దాని చోటులోంచి పీకి చెప్పడం వల్ల వచ్చిన చిక్కు ఇది. 1 కొరింథీ 10లో 13వ వచనానికి పైన ఏముందో చూడండి. విగ్రహారాధన, వ్యభిచారం, సణుగుడు. పాపంలోకి లాగే శోధన గురించి పౌలు అక్కడ మాట్లాడుతున్నాడు, తప్పించుకునే మార్గం ఉంటుందంటున్నాడు. బిడ్డ చావు గురించో, పంట పోవడం గురించో కాదు.

గ్రీకులో ఒకే మాట పరీక్షకీ, పాపపు ప్రేరేపణకీ రెంటికీ వాడతారు. తెలుగు బైబిల్లోనూ రెండుచోట్లా 'శోధన' అనే ఉంది. యాకోబు మొదటి అధ్యాయంలో 2వ వచనం మహానందమని ఎంచుకోమన్న శోధన వేరు, 13వ వచనంలో దేవుని వలన రాదన్న శోధన వేరు. ఈ తేడా తెలియక చాలామంది కష్టం వస్తే పాపం చేశామనుకుంటారు, పాపంలోకి జారుతుంటే దేవుడు పరీక్షిస్తున్నాడనుకుంటారు.

బరువు సంగతి పౌలే వేరే చోట దాచకుండా రాశాడు. ఆసియలో తమ శక్తికి మించిన భారంతో క్రుంగిపోయి, బతుకుతామన్న ఆశ కూడా వదులుకున్నామన్నాడు (2 కొరింథీ 1:8). పౌలుకే శక్తికి మించి వచ్చిందన్నమాట. యాకోబు 1:3లో 'ఓర్పు' అని మనం చదివే గ్రీకు మాట హుపొమొనె. 'కింద', 'నిలిచి ఉండడం' అన్న రెండు మాటలు కలిసి అది ఏర్పడింది. బరువు దింపుకుని పారిపోకుండా దాని కిందే ఉండడం. నొప్పి లేనట్టు నవ్వమని అందులో లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పోయి ఎనిమిది నెలలైంది. మోకరిస్తే మాట రాదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనబడతాయి గాని లోపలికి వెళ్లవు. గుడిలో పాడుతుంటే గొంతు పూడుకుపోయి బయటికి వచ్చేస్తున్నాను. కొన్నాళ్లు మానేస్తే మంచిదా? (ఒక తల్లి, విజయనగరం)

జవాబు: అమ్మా, బయటికి వచ్చేస్తే వచ్చేయండి. కానీ ఇంటికి వెళ్లిపోకుండా వరండాలో కూర్చోండి. చివరి వరస, గుమ్మం పక్క కుర్చీ మీకేనని సంఘంలో అందరికీ తెలియనివ్వండి. పాడక్కర్లేదు. మీ తరఫున వాళ్లు పాడతారు, సంఘం ఉన్నది అందుకు కూడా.

ప్రార్థనకి మాటలు రానప్పుడు వేరొకరి మాటలు అరువు తెచ్చుకోవచ్చు. 13వ కీర్తన తీయండి. ఆరే వచనాలు. మొదటి రెండింటిలో దావీదు "ఎంతవరకు" అని మళ్లీ మళ్లీ అడుగుతాడు, నన్ను మరచిపోయావా అని దేవుణ్ణే నిలదీస్తాడు. తర్వాతి రెండింటిలో ఒక్కటే కోరతాడు: నా కళ్లకు వెలుగియ్యి. చివరి రెండింటిలో నీ కృపను నమ్ముకున్నానంటాడు. ఫిర్యాదు, మనవి, నమ్మిక. మీరు నాలుగో వచనం దగ్గరే ఆగిపోయినా ఫరవాలేదు. కొన్ని నెలలు అక్కడే ఉండండి. 88వ కీర్తన అయితే చివరిదాకా చీకటిలోనే నడిచి చీకటిలోనే ఆగిపోతుంది. దాన్ని కూడా బైబిల్లో ఉంచారంటే, అలా ఆగిపోయిన ప్రార్థన కూడా ప్రార్థనే.

చెయ్యడం ఇలా. గంటలు పెట్టుకోవద్దు, పది నిమిషాలు చాలు. రోజూ ఒకే వేళ, ఒకే చోట. కీర్తన పైకి చదవండి, మనసులో కాదు. దుఃఖంలో ఉన్నవాళ్ల కంటికి అక్షరం నిలవదు, కానీ తన గొంతు తన చెవికి వినబడితే కొంత నిలుస్తుంది. తర్వాత నోటు పుస్తకంలో "ప్రభువా, ఎంతవరకు" అని మొదలుపెట్టి మీ వాక్యం ఒకటి రాయండి. అమ్మాయి పేరు రాయండి. కోపమొస్తే కోపమే రాయండి. దేవుణ్ణి అడిగి తిట్టించుకున్నవాడు కీర్తనల్లో లేడు. ఏడుపొస్తే అక్కడితో ఆ రోజుకి సరి.

"నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అని బిడ్డ కోసం వచ్చిన ఒక తండ్రి అరిచాడు (మార్కు 9:24). సగం నమ్మకం, సగం అపనమ్మకం. యేసు అతణ్ణి తిప్పి పంపలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఏలీయా చచ్చిపోతానని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత ముందు బోధ చెయ్యలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, పడుకోనిచ్చాడు, లేపి మళ్లీ పెట్టాడు (1 రాజులు 19). మీరు తింటున్నారా? రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారు? రెండు వారాలకి మించి నిద్ర, తిండి సరిగా లేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. నేనూ పోతే బాగుండునన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో ఒకరికి చెప్పి 14416కి ఫోన్ చేయండి. టెలిమానస్ అంటారు. ప్రభుత్వానిది, రాత్రింబవళ్లు ఉచితంగా తెలుగులో మాట్లాడతారు. అలా ఫోన్ చెయ్యడం అవిశ్వాసం కాదు. దేవదూత పెట్టిన రొట్టె తిన్నందుకు ఏలీయా విశ్వాసం తగ్గలేదు.

ప్రశ్న: మా ఆయన గుజరాత్‌లోని వేరావల్‌కి చేపల బోటు మీద పనికి వెళ్తారు. ఆగస్టులో వెళ్తే మళ్లీ వేసవికే. బాప్తిస్మం తీసుకుని రెండేళ్లయింది. అక్కడ మందిరం లేదు, బోటుకి పూజ చేస్తారు, సాయంత్రమైతే మందు. ఒక్కడూ ఎలా నిలబడతాడు? (ఒక సహోదరి, గార మండలం)

జవాబు: ఒక్కడే నిలబడలేడు. నిలబడాలని ఎవరూ అడగకూడదు కూడా. అందుకని వెళ్లకముందే కొన్ని ఏర్పాట్లు చేసుకోవాలి. వేరావల్ ఉన్న పడమటి తీరంలో జూన్ 1 నుంచి వేట నిషేధం మొదలవుతుంది. మగవాళ్లు ఊళ్లో దొరికే కాలం అది. ఆయన ఊళ్లో ఉన్నప్పుడే పాస్టరు గారు కూర్చోబెట్టి మాట్లాడాలి.

సముద్రం మీద సిగ్నల్ ఉండదు. తెలుగు బైబిలు ఆడియో ఫోన్లోకి ముందే దించుకోవాలి. మార్కు సువార్త 16 అధ్యాయాలు, రోజుకొకటి వింటే 16 రోజులు. ఒడ్డుకొచ్చి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, డబ్బులు పంపావా" తో పాటు "ఎన్నో అధ్యాయంలో ఉన్నావు" అని మీరు అడగాలి. ఆ రోజు మీరూ అదే చదివి ఉండాలి.

పూజ సంగతి తండేలుకి (బోటు నడిపే పెద్దకి) ముందే, బోటు ఎక్కకముందే, పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాలి: నేను కొబ్బరికాయ కొట్టను, ప్రసాదం తీసుకోను, కానీ మీరు చేసేటప్పుడు మర్యాదగా పక్కన నిలబడతాను. పూజ రోజున అందరి ముందూ చెబితే గొడవవుతుంది. అడ్వాన్సు తీసుకున్న మనిషి మధ్యలో దిగిపోలేడు కూడా. వల లాగడంలో, చేపలు ఏరడంలో అందరికంటే ఒక చెయ్యి ముందుంటే, ఆయన భక్తి గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు.

మందు పోసేది వేట అయ్యాక ఒళ్లు నొప్పులతో ఉన్న గంటలో. ఆ గంటకి చేతిలో పని ఉండాలి. వంట పని అడిగి తీసుకోమనండి, గిన్నె దగ్గర ఉన్నవాడికి గ్లాసు అందించరు.

అపొస్తలుల కార్యములు 27 ఆయన చేత రెండుసార్లు వినిపించండి. 276 మంది ఉన్న ఓడ, 14 రోజుల తుపాను. దేవుణ్ణి ఎరగని అంతమంది ముందు పౌలు రొట్టె పట్టుకుని కృతజ్ఞత చెప్పి తిన్నాడు, వాళ్లనీ తినమన్నాడు. ఓడ పగిలింది, మనుషులందరూ ఒడ్డు చేరారు. ఈతొచ్చినవాళ్లు ఈది, రానివాళ్లు పలకల మీద.

బోటు నంబరు, యజమాని ఫోను, ఆయన ఆధార్ నకలు ఇంట్లో ఉంచుకోండి. 2018 నవంబరులో మన వైపు జాలర్లను పాకిస్తాన్ పట్టుకుంటే 2020 జనవరి దాకా విడుదల కాలేదు. అలాంటి కాలంలో చేతిలో కాగితం ఉన్న ఇల్లాలు ప్రార్థనా చెయ్యగలదు, కలెక్టరాఫీసుకీ వెళ్లగలదు.

ప్రశ్న: కష్టాలు తీరాలంటే 'విత్తనపు కానుక' వెయ్యమని ఒక ప్రసంగీకుడు చెప్పారు. వడ్డీకి తెచ్చి వేద్దామనుకుంటున్నాను. (ఒక సహోదరి, గజపతినగరం)

జవాబు: వద్దు. ఇచ్చేది ఉన్నదాంట్లోంచి, లేనిదాన్ని బట్టి కాదు అని పౌలు తేల్చి రాశాడు (2 కొరింథీ 8:12). బీద విధవరాలి రెండు కాసుల మాట చెప్పి మిమ్మల్ని అడిగితే, దానికి పై వచనం కూడా చదవమనండి. విధవరాండ్ర ఇళ్లు దిగమింగే శాస్త్రుల గురించి ప్రభువు అన్న మాట అది (మార్కు 12:40).

ఇప్పుడు ఒక కాగితం తీసుకుని అప్పులన్నీ రాయండి. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతం. రోజువారీ ఫైనాన్సు అంతకంటే ఘోరం. 10,000 అని చెప్పి 8,500 చేతికిచ్చి, రోజుకి 100 చొప్పున 100 రోజులు కట్టించుకుంటే, లెక్కేస్తే ఏడాదికి నూటికి నూరు దాటుతుంది. డ్వాక్రా సంఘంలో అప్పు దొరికితే దాంతో ముందు దీన్ని తీర్చండి. చిన్న అప్పు ముందు తీర్చి ఊపిరి పీల్చుకుందామనిపిస్తుంది, కానీ వడ్డీ ఎక్కువున్నదే ముందు పోవాలి.

ఇది సంఘ పెద్దలకి కూడా చెబుతున్నాం. ఇలాంటి ఇంటికి సంఘం కానుక అడగకూడదు, ఇవ్వాలి. పిడికెడు బియ్యం పద్ధతి ఎవరైనా మొదలుపెట్టవచ్చు. వంట చేసేటప్పుడు ప్రతి ఇల్లాలూ పూటకో పిడికెడు పక్క డబ్బాలో వేస్తుంది. పిడికెడు ఇంచుమించు 50 గ్రాములు, రెండు పూటలకి 100, నెలకి 3 కిలోలు. 20 ఇళ్లుంటే 60 కిలోలు. రెండు మూడు ఇళ్లు నెలంతా గడుస్తాయి. ఇది చెడేది రెండు చోట్ల. డబ్బా మూత సరిగా లేక పురుగు పడుతుంది, అందుకని వారంవారం పోగు చెయ్యాలి. రెండోది, తీసుకున్నవాళ్ల పేర్లు ఆదివారం చదవడం. ఆ పని అసలు చెయ్యకూడదు. చీకటి పడ్డాక ఇద్దరు వెళ్లి గుమ్మంలో పెట్టి రావాలి.

ప్రశ్న: కష్టంలో ఉన్నవాళ్లింటికి స్త్రీల సమాజం తరఫున వెళ్తుంటాం. ఏం మాట్లాడాలో తెలియదు. (ఒక సహోదరి, నరసన్నపేట)

జవాబు: తక్కువ మాట్లాడండి. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు మాట్లాడకుండా నేల మీద అతనితో కూర్చున్నారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాకే చెడిపోయింది. "ఏదో పాపం ఉండి ఉంటుంది" అన్న మాట మీ గుంపులో ఎవరి నోటా రాకుండా బయల్దేరేముందే అనుకోండి. సిలోయము గోపురం కూలి చచ్చిపోయిన 18 మంది మిగతావాళ్లకంటే పాపులు కారని యేసే చెప్పాడు (లూకా 13:4).

పదిమంది వెళ్లొద్దు, ఇద్దరు ముగ్గురు చాలు. పావుగంట ఉండండి. ఒక చిన్న కీర్తన, మూడు నాలుగు వాక్యాల ప్రార్థన. టీ పెట్టించుకోవద్దు, మీరే పెట్టండి. "ఏదైనా కావాలంటే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. "రేపు పిల్లల్ని బడికి నేను దింపుతాను", "మంగళవారం ఆసుపత్రికి నేను తోడొస్తాను" అని ఏ పనో, ఏ రోజో చెప్పండి. జ్ఞాపకార్థ కూడిక అయ్యేదాకా ఇల్లు నిండుగా ఉంటుంది, ఆ మర్నాటి నుంచి గుమ్మం తొక్కేవాళ్లుండరు. క్యాలెండరులో మూడో నెల, ఆరో నెల, ఏడాది తేదీల దగ్గర ఆ ఇంటివాళ్ల పేరు ఇప్పుడే రాసుకోండి. ఆ రోజుల్లో వెళ్లినప్పుడు పోయినవాళ్ల పేరు పైకి పలకండి. ఏడుస్తారేమోనని ఆ పేరు దాటేస్తారు చాలామంది. ఆ ఇంట్లోవాళ్లు వినాలని ఎదురుచూసేది ఆ పేరే.